ఆడవాళ్ళు అడుగుపెట్టని చోటు

మన ఊరు,
12 నవంబరు 2024

జాస్మిన్ తల్లీ,

ముందు నీ సంగతి చెప్పు. తలనొప్పి తగ్గిందా? పొద్దున ఏమీ తినకుండా ఆఫీసుకి పరిగెత్తితే ఆ నొప్పి పోదు. నీ గదిలో ఉండే జ్యోతిర్మయికి దగ్గు ఎలా ఉంది? మిరియాల కషాయం పెట్టమన్నాను, పెట్టావో లేదో రాయలేదు. మీ ఇంటి ఓనరమ్మ గారి మోకాళ్ళు వంగుతున్నాయా? మీ ఆఫీసులో పటాలు గీసే లక్ష్మీకాంత్ గారికి షుగరు అన్నావు, ఆయన ఇంకా టీలో చక్కెర వేయించుకుంటున్నాడా? పరాయివాళ్ళ గొడవ నీకెందుకు అంటావు. నీ చుట్టూ ఉన్నవాళ్ళు బాగుంటేనే నువ్వు బాగుంటావు, అందుకు అడుగుతున్నాను.

ఇక్కడ మీ ముస్తాక్ మామకి నడుం పట్టేసింది. మీ షహనాజ్ అత్తకి కళ్ళు మండుతున్నాయి. మిరప తోటలో మందు కొట్టేటప్పుడు గాలికి ఎదురు నిలబడొద్దంటే వినదు. నాకు చెవులు ఇంకాస్త దిగాయి. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు షహనాజ్ నా చెవికి ఆనించింది గానీ తేనెటీగల రొద తప్ప నాకేమీ వినపడలేదు. నీ గొంతు అలా వినపడితే ఆ రోజంతా అన్నం సయించలేదు. అందుకే ఉత్తరమే రాయి. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు నావి, వంకర పోతే నవ్వబాక.

ఇక నీ ఉద్యోగం. మన డ్వాక్రా లీడరు వెంకటరావమ్మ, మీ ఆఫీసు ఇచ్చిన ఫోన్ పట్టుకుని, ఇంకో నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని ఊరంతా తిరుగుతోంది. కుంట, గట్టు, కంప, పుట్ట, దేన్నీ వదలడం లేదు, అన్నిటికీ ఫొటోలే. నిన్న మన దొడ్లోకి వచ్చి వేపచెట్టు మీద ఏమేం పిట్టలు వాలతాయని అడిగింది. అవి వాలినప్పుడల్లా లేచి చూసే తీరిక నాకెక్కడిదే అన్నాను. వాళ్ళు ఉత్త కాళ్ళతో పుట్టల దగ్గర తిరుగుతున్నారు. ఎవరినైనా పాము ముడితే ఆ ఉసురు నీకు తగులుతుంది. బూట్లు కొనిపెట్టు.

ఇంకో మాట. చెట్టుకీ చెరువుకీ పిట్టకీ మీరు ఖరీదు కడతారంట గదా. ప్రకృతి ఆస్తి అని పేరంట. ఖరీదు కట్టాక ఎవరికి అమ్ముతారు? ఇది విన్నప్పట్నుంచి నాకు గుండె దడగా ఉంది. నీ జవాబు దాకా ఆగలేక పక్క చేను ఆసామి యలమందయ్య గారిని అడిగాను. ఆయన, ఖరీదు కట్టిందేదీ ఊళ్ళో నిలవగా నేను చూడలేదు సైదాబీ అని నవ్వి పోయాడు. ఇంకా భయం ఎక్కువైంది. వివరంగా రాయి.

బాపట్ల వాళ్ళు సంబంధం సంగతి మళ్ళీ కదిలించారు. పిల్ల ఏం ఉద్యోగం చేస్తుందంటే పిట్టల్ని లెక్కపెట్టిస్తుందని చెప్పాను. నవ్వారు. వాళ్ళకి ఏం చెప్పాలో కూడా రాయి.

ఒంగోల్లో గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది. చెవులకి గుడ్డ కట్టుకో.

నీ అమ్మమ్మ,
సైదాబీ


ఒంగోలు,
24 నవంబరు 2024

అమ్మమ్మా,

అందరూ బాగున్నారు. జ్యోతిర్మయి కషాయం తాగి నిన్ను తిట్టుకుంది, దగ్గు మాత్రం తగ్గింది. లక్ష్మీకాంత్ గారు చక్కెర మానలేదు. నా తలనొప్పి ఆఫీసుది, తిండిది కాదు.

నా పని చెప్తాను, బాపట్ల వాళ్ళకి ఇదే చెప్పు. జిల్లాలో ఎక్కడ కుంట ఉంది, ఎక్కడ బీడు ఉంది, వాటిలో ఏమేం బతుకుతున్నాయి అనే సమాచారం ఒక్కొక్కళ్ళ దగ్గర ఒక్కో ముక్క ఉంది. అటవీ శాఖ దగ్గర కొంత, రెవెన్యూ వాళ్ళ దగ్గర కొంత, కాలేజీ మేష్టార్ల దగ్గర, డ్వాక్రా సంఘాల దగ్గర ఇంకొంత. వీళ్ళందరూ కలిసిందే మా కూటమి. ఖర్చు పెట్టేది ఒక ట్రస్టు. ఎవరి ముక్క వాళ్ళు దాచుకుంటారు. అలిగిన వియ్యాలవాళ్ళని ఒకే పంక్తిలో కూర్చోబెట్టినట్టు వీళ్ళని కూర్చోబెట్టి, ఆ ముక్కలన్నీ ఒకే పటంగా కుట్టించడం నా పని. చివర్న పటం సరిగ్గా ఉందని సంతకం పెట్టేది కూడా నేనే.

ఖరీదు అమ్మడానికి కాదు. మన వైపు పత్తి, మిరప, పొగాకు వేసీ వేసీ దున్నని జాగా అంటూ మిగల్లేదు. ఉన్న కాసిన్ని ముక్కల్లోనే పిట్టలూ తేనెటీగలూ మందు మొక్కలూ తలదాచుకుంటున్నాయి. అవి పోతే ఊరికి ఎంత నష్టమో తెలియాలని ఆ లెక్క.

రాసే పని ఆడవాళ్ళకే ఇవ్వాలని పట్టుబట్టింది నేనే. మేతకీ కట్టెలకీ ఊరి చుట్టూ తిరిగేది వాళ్ళు, వాళ్ళకి తెలియని చోటు ఉండదు అని మీటింగులో గట్టిగా వాదించాను. చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఆ రోజు నువ్వు ఉంటే బాగుండనిపించింది.

బూట్లు పంపిస్తున్నాను.

నీ
జాస్మిన్


మన ఊరు,
9 డిసెంబరు 2024

తల్లీ,

బూట్లు వచ్చాయి. వెంకటరావమ్మ అవి తొడుక్కుని కొత్త పెళ్ళికూతురిలాగా అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తోంది. మిగతావాళ్ళు పాడవుతాయని చేత్తో పట్టుకుని తిరుగుతున్నారు. పాము కాళ్ళని చూస్తుందా చేతుల్ని చూస్తుందా, నువ్వే చెప్పు వాళ్ళకి.

ముఖ్యమైన సంగతి ఒకటి. మొన్న వాళ్ళు వాగు దాటి మన గోరీల దొడ్డి దాకా వచ్చి ఆగిపోయారు. ఆడవాళ్ళు లోపలికి పోకూడదని వాళ్ళకీ తెలుసు. వెంకటరావమ్మ హిందువుల మనిషైనా మన మర్యాద ఎప్పుడూ తప్పలేదు. దీన్ని ఏమని రాయమంటావు పెద్దమ్మా అని నా దగ్గరికి వచ్చింది. ఏమీ రాయొద్దన్నాను. నువ్వూ రాయించబాక.

ఎందుకో చెప్తాను. మా మామగారి కాలంలో కరణంగారు నోటిమాట మీద చూపించిన జాగా అది. దూది ఏక్కుని బతికేవాళ్ళం, పోయాక ఇంత చోటు కావాలంటే సరే అన్నాడు. కాయితం లేదు. కాయితం లేని జాగాని కాయితంలోకి ఎక్కిస్తే ఇది ఎవరిదని అడుగుతారు. అడిగితే ఏం చూపిస్తాం? గోరీల మీద రాళ్ళు కూడా లేవు. మట్టి దిబ్బలు, వాటి చుట్టూ కంప. గుట్టుగా ఉన్నన్నాళ్ళే అది ఉంటుంది.

మీ అమ్మ అక్కడ ఉంది. కరీమున్ని ఎక్కడ పడుకోబెట్టారో కన్నతల్లినైన నేను ఇంతవరకు చూడలేదు. మోసుకుపోయేటప్పుడు గడప దాకా పోయాను, అంతే. నీకు ఆరేళ్ళు అప్పుడు, నా కొంగు పట్టుకుని నిలబడ్డావు. తల వైపు గోరింట నాటానని మీ మామ చెప్పాడు. ఏటా షబే బరాత్ కి గోరీలు బాగుచేసి వస్తూ ఆ చెట్టు కొమ్మ ఒకటి విరిచి నాకు తెస్తాడు. అది చేతికొస్తే, సరే, పిల్ల ఉన్నచోటే ఉంది అనుకుంటాను. అంతకంటే నాకేం తెలుసు దాని గురించి.

కాబట్టి ఆ చోటుని వదిలెయ్యి. పొదిలి సంతలో నీకు ఉన్ని స్వెట్టరు చూశాను. రంగు ఏది కావాలో రాయి.

సైదాబీ


ఒంగోలు,
5 జనవరి 2025

అమ్మమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ చోటు ఖాళీగా వదిలెయ్యమని వెంకటరావమ్మ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఇంకా చాలా ఊళ్ళ నుంచి ఇలాంటి ఖాళీలే వస్తున్నాయి. పటంలో చిల్లులుంటే కంప్యూటరు తీసుకోదని లక్ష్మీకాంత్ గారు విసుక్కుంటున్నారు. మార్చిలో ట్రస్టుకి అప్పగించాలి. ఏదో ఒకటి చేద్దాంలెండి అన్నాను.

నాకూ నువ్వన్నదే మంచిదనిపించింది. అమ్మ ఉన్నచోటు మీద నెంబరు వేయించడానికి మనసొప్పలేదు.

నిన్న మీటింగులో అటవీ శాఖాయన, కాలేజీ మేష్టారు ఒక పిట్ట పేరు మీద కొట్టుకున్నంత పని చేశారు. మిరపకాయ బజ్జీలు తెప్పించాను. నోరు మండి ఇద్దరూ ఊరుకున్నారు.

స్వెట్టరు నీలం రంగుది.

జాస్మిన్


మన ఊరు,
21 ఫిబ్రవరి 2025

తల్లీ,

నీలం అయిపోయిందంట, మెరూన్ రంగుది తీసుకున్నాను. బస్సులో ఎవరైనా తెలిసినవాళ్ళు వస్తే పంపుతాను.

షబే బరాత్ కి మగవాళ్ళు పోయి గోరీలు బాగుచేసి ఊదొత్తులు వెలిగించి వచ్చారు. గోరింట మీ మామ ఛాతీ దాకా పెరిగిందంట. కొమ్మ తెచ్చాడు. నూరి పెట్టుకున్నాను. ఈ వయసులో నీకు గోరింటాకేంటి అత్తా అని షహనాజ్ నవ్వింది. బాగా పండింది.

మీ మామ సంగతే బెంగగా ఉంది. బోరు ఎండిపోయింది. మిరపకాయ ఇంకా రెండు కోతలుంది. ట్యాంకర్లు తోలించి తడుపుతున్నాడు. వచ్చినవాడు వచ్చినట్టు మంచం మీద పడి పైకప్పుకేసి చూస్తాడు, ఒక్క పూటే తింటాడు. మన వైపు రైతులు ఏం చేసుకుంటున్నారో పేపర్లో చదివిన కాడ్నుంచి మందు డబ్బా నా మంచం కింద దాచి పడుకుంటున్నాను. మీ కూటమిలో ఇంతమంది ఆఫీసర్లు కూర్చుంటారు గదా. నీళ్ళకి ఏదైనా దారి ఉందేమో అడిగి చూడు తల్లీ. నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

సైదాబీ


ఒంగోలు,
18 మార్చి 2025

అమ్మమ్మా,

మామకి వెంటనే చెప్పు. మన ఊరికి చెరువు వచ్చింది.

పటం అప్పగించగానే ట్రస్టు వాళ్ళు దాన్ని చూసి కొన్ని ఊళ్ళల్లో ఇంకుడు చెరువులు తవ్విస్తామన్నారు. మన ఊరిని మొదటి వరసలో పెట్టమని నేనే అడిగాను, ఒప్పుకున్నారు. వాన నీళ్ళు నిలిస్తే చుట్టుపక్కల బోర్లన్నిటికీ ఊట వస్తుంది. ఎవరి పొలమూ పోదు. ఎవరూ వాడని కంప బీడు ఒకటి వాగు పక్కన ఉందని పటంలో చూసి వాళ్ళ ఇంజనీర్లు ఎంచారు. నాకు ఆ వైపు సరిగ్గా తెలియదు, చిన్నప్పుడు నువ్వు వాగు దాటనిచ్చేదానివి కాదు గదా. ఎండాకాలంలోనే తవ్వేస్తారు.

ఈ ఉద్యోగంలో చేరినందుకు మొదటిసారి గర్వంగా ఉంది. మందు డబ్బా మంచం కింద నుంచి తీసెయ్యి.

నీ జాస్మిన్


మన ఊరు,
4 ఏప్రిల్ 2025

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం మసీదు దగ్గర ముస్తాక్ పైకి చదివాడు. రంజాన్ పండగనాడు అందరూ నీ పేరే చెప్పుకున్నారు. యలమందయ్య గారు ఇంటికొచ్చి, మీ దూదేకుల పిల్ల ఊరికి నీళ్ళు తెచ్చింది సైదాబీ అన్నాడు. ఆయన చేను కింద బీడే అయ్యుంటుంది, వాగు పక్క అంటే అదే గదా. మీ మామ రెండు పూటలా తింటున్నాడు. మనసు తేలికైంది.

పూర్తిగా తేలిక అని కాదు. చెరువు లోతుగా తవ్వుతారా? పిల్లలు పడితే? గట్టుకి కంచె వేస్తారేమో కనుక్కో. తవ్వేవాళ్ళకి మజ్జిగ ఎవరిస్తారు? నేనే ఇస్తానని షహనాజ్ కి చెప్పాను.

సేమ్యా పాయసం డబ్బాలో పోసి కండక్టరుకి ఇచ్చి పంపాను. పులిసిపోయి ఉంటే తినబాక.

సైదాబీ


మన ఊరు,
27 ఏప్రిల్ 2025

జాస్మిన్,

షహనాజ్ రాసిపెడతానంది. వద్దన్నాను.

మొన్న శుక్రవారం మగవాళ్ళంతా జుమ్మా నమాజుకి పొదిలి పెద్దమసీదుకి పోయారు. అప్పుడు వచ్చింది జేసీబీ. చెరువు తవ్వడానికి వచ్చిందని పిల్లలు పరిగెత్తారు. నాకు చెవులు వినపడకపోయినా కాళ్ళ కింద నేల అదరడం తెలిసింది. మజ్జిగ బిందె షహనాజ్ నెత్తికెత్తి మేం కూడా బయల్దేరాం, తిరనాళ్ళకి పోయినట్టు. ఆ మిషను యలమందయ్య గారి బీడు దగ్గర ఆగలేదు. వాగు దాటింది. గోరీల దొడ్లోకి దిగింది.

పరిగెత్తాం. హద్దు దాకా పరిగెత్తి అక్కడ ఆగిపోయాం. ఎవరూ ఆగమనలేదు. పుట్టినకాడ్నుంచి అక్కడ ఆగాం గదా, కాళ్ళే ఆగిపోయాయి. మన వీధి ఆడవాళ్ళం అంతా ఆ హద్దు మీద వరసగా నిలబడి చేతులూపాం, అరిచాం. మిషను మీద అబ్బాయి మాకేసి చూశాడు. ఎక్కడ జేసీబీ వచ్చినా జనం చూడ్డానికి పోగవుతారు గదా, మేమూ అందుకే వచ్చామనుకున్నాడంట. నవ్వి తలూపి మళ్ళీ తవ్వాడు.

వెంకటరావమ్మ చేలో నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ కూడా హద్దు దగ్గర ఆగి నావైపు చూసింది. నేను పొమ్మని తలూపాను. అప్పుడు లోపలికి దూకి మిషనుకి ఎదురు నిలబడింది. అప్పటికే తూర్పు సగం అయిపోయింది. మీ అమ్మ తూర్పు సగంలో ఉంది. ఆ సంగతి కూడా నాకు సాయంత్రం మీ మామ ఏడుస్తుంటే తెలిసింది.

దొరికినవి దొరికినట్టు ఏరి, ఒకే తెల్లగుడ్డలో కట్టి, పడమటి సగంలో పెట్టి నమాజు చేశారు. అందులో మీ తాతవి ఏవో, మీ అమ్మవి ఏవో, అసలు మీ అమ్మవి ఉన్నాయో లేదో అల్లాకే తెలియాలి. గోరింట వేళ్ళతో సహా మట్టిగుట్టలో పడి ఉందంట.

నిన్న ఆఫీసర్లు వచ్చారు. ఇక్కడ గోరీలున్నట్టు ఎక్కడా లేదమ్మా, పటంలో 'చిట్టడవి, మనుషుల వాడకం లేదు' అని ఉంది అన్నారు.

నువ్వు పెద్ద ఉద్యోగంలో ఉన్నావు. ఆ మాట రాసిందెవరో కనుక్కో. నా బిడ్డ మనిషి కాదా? ఆ రాసిన చెయ్యి పడిపోను. అన్నం ముద్ద నోటి దాకా ఎత్తలేని చెయ్యి అయిపోవాలి అది. నేను జన్మలో ఎవరినీ ఇంతమాట అనలేదు. కడుపు కాలినదాన్ని, నా మాట తగిలి తీరుతుంది. పేరు కనుక్కుని రాయి. పేరు పెట్టి తిడతాను.

సైదాబీ


ఒంగోలు,
5 మే 2025

అమ్మమ్మా,

పేరు అడిగావు. జాస్మిన్.

ఖాళీగా వదిలిన చోట్లన్నీ లక్ష్మీకాంత్ గారు ఉపగ్రహం ఫొటోలు చూసి నింపారు. పైనుంచి చూస్తే మట్టి దిబ్బలు కనపడవు, కంపే కనపడుతుంది. నింపుతారని నాకు తెలుసు. ఏదో ఒకటి చేద్దామన్నది నేనే. అన్ని ఊళ్ళ పటాలూ తిప్పి చూసి, మన ఊరిది మాత్రం తెలిసిన ఊరే గదా అని చూడకుండా సంతకం పెట్టాను. మన ఊరిని మొదటి వరసలోకి తోసింది కూడా నేనే.

నువ్వు రాయొద్దన్నందుకు జరిగిందని అనుకోకు. భయపడటం నీ పని. చూడటం నా పని.

తవ్వకం ఆపించాను. మిగిలిన సగాన్ని గోరీల దొడ్డి అని రాయించాను. అది ఇప్పుడు ఎవరికి కావాలి. మామ నా ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తకపోవడమే న్యాయం.

ఇక నాకు రాయబాక అమ్మమ్మా. నాకు చదివే ధైర్యం లేదు.

జాస్మిన్


మన ఊరు,
10 మే 2025

తల్లీ, నా తల్లీ,

నేను అన్నమాట వెనక్కి తీసుకున్నాను. విన్నావా, వెనక్కి తీసుకున్నాను. ఎవరో అనుకుని అన్నాను. నీ ఉత్తరం రాగానే దర్గాకి పోయి ముజావరు అబ్దుల్లా గారిని అడిగాను, నోటి నుంచి పోయిన శాపాన్ని మళ్ళించొచ్చా అని. మనసులో మళ్ళితే మళ్ళినట్టేనమ్మా అన్నాడు. మళ్ళింది. ఆ రోజే మళ్ళింది. అయినా అది అప్పటికే నీ దాకా వచ్చేసిందేమోనని భయంగా ఉంది.

నీ కుడిచెయ్యి ఎలా ఉంది? తిమ్మిరి ఏమైనా ఉందా? పొద్దున లేవగానే వేళ్ళు ముడిచి చూసుకో. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త. స్కూటరు తోలబాక కొన్నాళ్ళు. అన్నం కుడిచేత్తో కలుపుకుని తింటున్నావా లేదా, ఆ ఒక్కటీ రాస్తే చాలు.

అమ్మమ్మ


మన ఊరు,
16 జూన్ 2025

తల్లీ,

జవాబు లేదు. బక్రీద్ కి కూడా నువ్వు రాలేదు. పోస్టుమాన్ మన వీధి మొదట్లోనే చెయ్యి తిప్పేస్తున్నాడు, లేదని.

మీ మామ కోపం నీ మీద కాదు. ఫోన్ ఎత్తితే ఏం మాట్లాడాలో తెలియక ఎత్తలేదంట. నువ్వు రాయొద్దన్నావు గానీ నేను రాయకుండా ఎట్లా ఉంటాను. కరీమున్ ఒకసారి పోయింది. ఇప్పుడు రెండోసారి పోయింది. నువ్వు కూడా పోతే నేను లెక్కపెట్టుకోడానికి ఎవరున్నారు?

జ్యోతిర్మయి ఫోన్ నెంబరు నా దగ్గర లేదు. ఉంటే షహనాజ్ చేత ఆ పిల్లని అడిగించేదాన్ని, నీ చెయ్యి చూసి చెప్పమని.

అమ్మమ్మ


ఒంగోలు,
7 జూలై 2025

అమ్మమ్మా,

నేను బాగున్నాను. ఊరూరా తిరుగుతున్నాను. ఆడవాళ్ళు ఖాళీ వదిలిన ప్రతి చోటికీ పోయి, ఎందుకు వదిలారని వాళ్ళనే అడుగుతున్నాను. ఒక ఊళ్ళో సమాధులు. ఒకచోట పుట్ట. ఇంకోచోట, పురిట్లోనే పోయిన పిల్లల్ని పెట్టే గట్టు. అక్కడికి వాళ్ళు కట్టెలకి కూడా పోరు. వాళ్ళకి తెలియక వదిలారనుకున్నాం. తెలిసే వదిలారు. మా పటంలో అవన్నీ చిట్టడవి అయ్యాయి. రెండు చోట్ల మిషను రాకముందే ఆపించగలిగాను.

ఇవన్నీ దిద్దడం అయ్యాక ఉద్యోగం మానేస్తాను. ఊరికి మాత్రం రాలేను.

జాస్మిన్


మన ఊరు,
15 జూలై 2025

తల్లీ,

ఉత్తరం అచ్చులో వచ్చింది. కింద పేరు కూడా అచ్చే. నువ్వు ఎప్పుడూ చేత్తోనే రాస్తావు.

నీ చెయ్యికి ఏమైంది?

ముస్తాక్ ని రేపే ఒంగోలు పొమ్మంటున్నాను. దాచబాక, నిజం రాయి. రాయలేకపోతే ఎవరిచేతైనా రాయించు.

అమ్మమ్మ


ఒంగోలు,
24 జూలై 2025

అమ్మమ్మా,

చెయ్యి బాగుంది. చూడు, ఇది నా రాతే. నీకు రాద్దామని కూర్చుంటే కాగితం తడిసిపోతోంది, అందుకని అది కంప్యూటర్లో కొట్టాను. నువ్వు ఇట్లా అనుకుంటావని తట్టలేదు.

మామ వచ్చాడు. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, బాగానే ఉందని మీ అమ్మమ్మకి చెప్తానన్నాడు. ఇద్దరం బస్టాండులో టీ తాగాం. ఊరికి రమ్మన్నాడు. నువ్వు కూడా రమ్మన్నావంట.

వచ్చి ఎక్కడ నిలబడను అమ్మమ్మా? చిన్నప్పుడు అమ్మ దగ్గరికి పోతానంటే ఆడపిల్లవి, పోకూడదన్నారు. ఇప్పుడు పోదామంటే ఆ చోటే లేకుండా చేశాను.

జాస్మిన్


మన ఊరు,
1 ఆగస్టు 2025

తల్లీ,

నీ రాత చూసి ఆ కాగితం షహనాజ్ కి, పక్కింటి జహీరున్నీసాకి, వీధిలో అందరికీ చూపించాను. ఎందుకు చూపిస్తున్నానో వాళ్ళకి అర్థం కాలేదు.

ఎక్కడ నిలబడాలని అడిగావు. వానలు పడ్డాయి. తవ్విన సగం నిండింది. పూడ్చేద్దామని మనవాళ్ళు మొదట్లో గొడవపడ్డారు గానీ, నీళ్ళు నిలిచాక ఊరు ఒప్పుకోలేదు. ఊరిని ఏమంటాం, అందరి బోర్లకీ ఊట వచ్చింది. మన బోరుకి కూడా వచ్చింది. ఆ నీళ్ళు నా చేనుకి పెట్టనని మీ మామ మొండికేశాడు. పత్తి మొక్క వాడిపోతుంటే చూడలేక పెట్టాడు. పెడుతూ గట్టు మీద కూలబడిపోయాడని షహనాజ్ చెప్పింది.

మిగిలిన సగానికి కంచె వేసి బోర్డు పెట్టారు. అందులోకి నువ్వూ నేనూ ఇప్పటికీ పోలేం. మొన్న మన జహీరున్నీసా గేదెని కడగడానికి ఆ నీళ్ళ దగ్గరికి తోలుకుపోయింది. మగవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఎవరూ పోవద్దనలేదు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. అప్పుడు తట్టింది నాకు.

మీ అమ్మ ఉన్నచోటు ఇప్పుడు గోరీల దొడ్డి కాదు తల్లీ. చెరువు. చెరువుకి ఆడవాళ్ళు పోవచ్చు.

ఇన్నేళ్ళకి నేను దాని దగ్గరికి పోవచ్చు. నిన్న ఒక్కదాన్నే బయల్దేరి వాగు దాకా పోయి వెనక్కి వచ్చాను, కాళ్ళు రాలేదు. మీ మామని అడిగాను, నీళ్ళల్లో అది ఎక్కడ ఉండేదో చూపిస్తావా అని. జాస్మిన్ వస్తే ఇద్దరినీ గట్టు మీద నిలబెట్టి చూపిస్తానన్నాడు.

ఆగస్టు పదో తేదీ, ఆదివారం. పొద్దున బస్సెక్కు. పొదిలిలో మీ మామ నిలబడి ఉంటాడు.